ఆదివారం మార్నింగ్ షోలో కత్తియుద్ధం

పదవీ విరమణకు ఏడాది ముందు, ఒక జూన్ నెలలో, నన్ను నాంపల్లిలోని ఒక గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే కౌంటరు నుంచి రిఫరెన్స్ విభాగానికి మార్చారు. హోదా గ్రేడ్ వన్ లైబ్రేరియన్. పని, పాఠకులు అడిగినదానికి ఆధారం వెతికి చూపడం. ఏ పత్రిక, ఏ తేదీ, ఏ పేజీ అన్నది చీటీ మీద రాసివ్వాలి. ఆ నియమాన్ని నేను కాస్త అతిగా పాటిస్తానని తోటివాళ్ళు విసుక్కునేవారు. వాళ్ళన్నది నిజమే.

రెండో వారంలో పుష్పలత గారు వచ్చారు. కోఠి దగ్గర ఒక బాలికల పాఠశాలలో ఆటల టీచరు. ఆమెకు కావలసింది ఒక సినిమా పేరు. ఏడెనిమిదేళ్ళ వయసులో అబిడ్స్‌లో చూశారట. మంచు కురుస్తుంటే ఒక ఆడమనిషి దొంగల నాయకుడితో కత్తియుద్ధం చేస్తుంది. కత్తి దూస్తూ, "నీ కత్తి పొడుగైతే కానియ్, నా ఊపిరి ఇంకా పొడుగు" అంటుంది. ఆ మాట విన్నందుకే తాను ఆటల్లోకి వచ్చానని, పరుగు పందెంలో దిగే ప్రతి పిల్లకూ అదే చెప్పి పంపానని అన్నారు.

"వచ్చే శనివారం నా రిటైర్మెంటు ఫంక్షన్ సార్. గా సీను చూపిస్తనని పిల్లలకు మాటిచ్చిన. మా అన్నలేమో గసుంటి సినిమానే లేదు, కలగన్నవ్ అంటున్రు. దొరకకపోతే గిన్నేండ్ల సంది పిల్లలకు అబద్ధం చెప్పినట్టే గద," అన్నారు.

నాకు పట్టుదల వచ్చింది. మాటలు తెలుగులో ఉన్నాయి కనుక సినిమా తెలుగుదేనని తీర్మానించేశాను. మంచు ఉంది కనుక హిమాలయాల్లో జరిగే జానపద కథ అయివుంటుందని కూడా నేనే ఊహించుకున్నాను. పాత పత్రికలను నెలకొకటి చొప్పున కుట్టి అట్ట వేసిన బైండు సంపుటాలుంటాయి. వాటిని తెప్పించుకుని నాలుగు రోజులు తెలుగు సినిమా ప్రకటనలు ఒక్కటీ వదలకుండా చూశాను. రాకుమార్తెలు దొరికారు, మాంత్రికులు దొరికారు. మంచు మాత్రం దొరకలేదు.

ఆ సంపుటాలు మోసుకొచ్చే అటెండరు యాదగిరి ఇంచుమించు నా ఈడువాడే. గురువారం బల్ల మీద దుమ్ము దులుపుతూ, ఆమె ఏ ఆటకు పోయిందని అడిగాడు. ఆమె చెప్పిన వివరాలు రాసుకున్న చీటీ చూశాను. 'ఆదివారం, పొద్దున పదింటి ఆట' అని ఉంది, టాకీసు పేరుతో సహా.

"గా టాకీసుల ఆదివారం పొద్దుగాల ఇంగ్లీషు బొమ్మనే నడుస్తుండె సార్. తెలుగు ఎక్కడిది?" అన్నాడు.

తల తీసేసినట్టయింది. ఆ చీటీ నా చేత్తో రాసిందే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. వెంటనే ఇంగ్లీషు పత్రికల సంపుటాలు తెరిస్తే సాయంత్రానికల్లా ప్రకటన దొరికింది. కత్తి పట్టిన స్త్రీ, చుట్టూ మంచు. విదేశీ సినిమా, ఇంగ్లీషులోకి డబ్ చేసింది. ఫోన్ చేస్తే పుష్పలత గారు ఒప్పుకోలేదు. సినిమాలో ఆ స్త్రీ తెలుగులోనే మాట్లాడిందని, తాను చెవులారా విన్నానని వాదించారు.

శుక్రవారం ఆమె వచ్చాక మా విభాగం కంప్యూటర్లో సినిమా వెతికి పెట్టాను. మంచు కురిసింది. "గిదే సార్, గిదే," అంటూ ఆమె కుర్చీలో ముందుకు జరిగారు. తెర మీద స్త్రీ కత్తి దూసింది. ఒక్క మాటా అనలేదు. మూడుసార్లు వేసి చూశాం. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె ముఖం చిన్నబోయింది. నాకూ బాధగానే ఉంది. అప్పుడడిగాను, ఆ రోజు మీ పక్కన ఎవరు కూర్చున్నారని.

"మా బాపు," అన్నారు. తండ్రి సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం గుమాస్తా. సినిమా నడుస్తున్నంతసేపూ పక్కనుంచి ఆమెకు కథ తెలుగులో చెప్పేవారట. ముందు వరుసవాళ్ళు కూడా వెనక్కి తిరిగి వినేవారట.

"మా బాపుకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు సార్," అని ఆమె నవ్వడం మొదలుపెట్టారు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. గుసగుసలాడినా జనాన్ని కసిరే నేను ఆ గదిలోనే పైకి నవ్వాను. నా సర్వీసులో అంత సంతోషపడిన రోజులు తక్కువ.

శనివారం సభకు నన్నూ యాదగిరినీ పిలిచారు. ఆమె సినిమా శబ్దం తీసేయించి తెర పక్కన నిలబడ్డారు. కత్తి దూసే క్షణానికి ఆ మాట తానే గట్టిగా పలికారు. పిల్లలు ఈలలు వేశారు. నా పక్క కుర్చీలో పుష్పలత గారి పెద్దన్న ఉన్నారు, కలగన్నావని వెక్కిరించిన ఆయనే. "బాపు గిట్లనే చెప్తుండె," అన్నారు.

పాఠకుల జ్ఞాపకం తప్పని తేల్చే ముందు, అదంతా ఒకే చోటి నుంచి వచ్చి ఉండాలని అనుకోకూడదు. ఆమె చూసిందీ నిజమే, విన్నదీ నిజమే. ఆ రెంటినీ వేరు చేసి అడగడం మా పని. మొదటి రోజే అడిగి ఉంటే నాలుగు రోజులు కలిసొచ్చేవి.