ఒక్కరే మింగాల్సిన మందు

మా ఊళ్ళో ఏ వస్తువూ ఒక ఇంట్లో ఆగదు. చైత్రంలో మా ఇటుకల పండగకి మగవాళ్ళు వేటకెళ్ళి ఒక్క కుందేల్ని తెచ్చినా సరే, గడపకో వాటా పడాల్సిందే. అడవికి వెళ్ళలేని ముసలమ్మ వాటా ఆకులో చుట్టి ఇంటికి పంపుతారు. వేలెడంత మాంసానికి ఇంత పంచాయితీ ఏమిటని చిన్నప్పుడు నేను నవ్వేదాన్ని. ఆశ్రమ పాఠశాలలో నాలుగక్షరాలు నేర్చుకుని వచ్చాను కదా, అన్నిటికీ నవ్వొచ్చేది.

మందులు కూడా అలాగే పంచుకుంటాం. సర్కారు ఆసుపత్రిలో జ్వరానికి మాత్రలిస్తే, ఒళ్ళు చల్లబడగానే మిగిలినవి పక్కింటికి పోతాయి. డుంబ్రిగుడ సంతలో మందులమ్మేవాడు మాత్రల అట్టని కత్తెరతో ముక్కలు చేసి ఒకటీ రెండూ అమ్ముతాడు. వాటికీ అదే దారి. రంగు గొట్టం మాత్రైతే మరీ గౌరవం. దాన్ని విప్పి సగం పొడి పుండు మీద చల్లుతారు, సగం తెగులు తగిలిన కోడి నోట్లో పోస్తారు. ఈ పంపకాల్లో అందరికంటే ముందుండేది మా అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకున్నది అక్క ఒక్కతే.

ఈ ఏడు తొలకరికి కాఫీ తోటలో తుప్పలు కొడుతుంటే కత్తి జారి అక్క పిక్క తెగింది. నర్సమ్మ కట్టు కట్టి, నొప్పి తగ్గినా ఆపకుండా అన్నీ మింగమని చెప్పి మాత్రలిచ్చింది. చీము తగ్గగానే అక్క ఆపేసింది. మిగిలినవి ఒకరి పంటి నొప్పికి కొన్ని, ఇంకొకరి దగ్గుకి కొన్ని పోయాయి. నేను అరిచాను.

"ఆల్లింట్లో రోగం ఉంటే మనింట్లో మందు దాసుకుంటామేటే?" అంది.

పుండు మళ్ళీ చీము పట్టింది. సంత నుంచి రెండు మాత్రలు తెప్పించుకుని, అందులోనూ ఒకటి ఎవరికో ఇచ్చింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. చివరికి కాలు నల్లబడి, మాట తడబడేదాకా వచ్చింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. మోసినవాళ్ళలో అక్క ఇచ్చిన మాత్ర మింగనివాడు లేడు.

పట్నం ఆసుపత్రిలో పుండు రసి తీసి పరీక్షకి పంపారు. లోపలున్న క్రిమి ఏ మందుకి చస్తుందో చూస్తారట. కాగితం వచ్చాక డాక్టరమ్మ ఒక్కో మందు పేరూ చదువుతూ తల అడ్డంగా ఊపింది. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని మందులు పెట్టుకుని ఒక్క పుండు మాన్పలేరా అని అడిగేశాను. ఆమె కోప్పడకుండా పక్కన కూర్చుని చెప్పింది. మందు పడగానే ముందు చచ్చేవి బలం లేని క్రిములు. ఒళ్ళు తేలికపడేది అప్పుడే. మొండివి ఇంకా లోపలే ఉంటాయి. అప్పుడు మందు ఆపేస్తే ఆ మొండివే పెరుగుతాయి, వాటికి పుట్టేవన్నీ మొండివే. మళ్ళీ అరకొర మందు పడితే వాటిలోనూ మరీ మొండివి మిగులుతాయి.

"అంతే కాదమ్మా. మందుని తట్టుకునే గుణం ఒకదానికి వస్తే, అది పక్కదానికి కూడా పంచుతుంది. వేరే జాతి క్రిమికైనా ఇస్తుంది" అంది.

నవ్వబోయి ఏడ్చేశాను. మా ఊరి ధర్మం ఆ పురుగులకి ఎవరు నేర్పారు?

గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. అక్క కాలు మోకాలి కింద తీసేశారు. కోసిన చోటికి పైన ఇంకా కొంత క్రిమి ఉందనీ, దాని మీద పనిచేసే మాత్ర ఇదొక్కటే మిగిలిందనీ, పూట తప్పినా, ఇంకెవరికి ఇచ్చినా ఇక తన చేతిలో ఏమీ ఉండదనీ చెప్పి డాక్టరమ్మ ఇంటికి పంపింది.

వచ్చిన మర్నాడే అల్పపీడనం పట్టింది. ఊరి దిగువన పారే గెడ్డ పొంగి రోడ్డుకి దారి తెగిపోయింది. ఆ వానలో దిగువింటి పిన్ని జ్వరంతో కాలిపోతున్న మనవరాలిని భుజాన వేసుకుని వచ్చింది. ఆ రోజు డోలీ వెనక ఏడుస్తూ రోడ్డు దాకా నడిచింది ఈ పిన్నే. అక్క చెయ్యి అప్పటికే తలగడ పక్కనున్న మాత్రల మీదికి పోయింది. నేను లాక్కున్నాను.

"గుంట కళ్ళు తెరవట్లేదమ్మీ. ఒక్కటియ్యి" అంది పిన్ని.

ఇది ఆ జ్వరానికి పనికొచ్చే మందు కాదన్నాను. పసిపిల్లకి ఇవ్వకూడదన్నాను. తడిగుడ్డ వెయ్యమన్నాను. గెడ్డ అవతలుండే ఆశా కార్యకర్తకి ఫోను చేస్తే, పొంగు తగ్గేదాకా ఇటు రాలేనంది. నేను చెప్పిందంతా నిజమే, అయినా చెబుతుంటే నాకే సిగ్గేసింది. పిన్ని గుంటకి కొంగు కప్పి వెళ్ళిపోయింది. మా గడప నుంచి ఎవరూ అలా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

అక్క గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం మాత్ర ఇస్తే నోరు బిగించింది. బతిమాలాను, తిట్టాను, నువ్వు పోతే నాకెవరున్నారని ఏడ్చాను.

"ఆ గుంటకి లేంది నాకెందుకే?" అంది.

ఒక పూట తప్పిపోయింది. పొద్దున్న కూడా మింగలేదు. ఆఖరికి వాకిట్లోకి వెళ్ళి కాసేపు వానలో నిలబడి వచ్చి, గుంటకి జ్వరం దిగిందట, గంజి కూడా తాగిందట అని చెప్పాను. అక్క నా మొహంలోకి చూసింది.

"నిజివేనా?"

నిజమేనన్నాను. నోరు తెరిచింది.

నేను దిగువింటికి వెళ్ళలేదు. వెళ్ళే మొహం లేదు. వాకిట్లో నిలబడితే గుంట ఏడుపు నిన్నటిదాకా వినబడేది. ఈరోజు వినబడటం లేదు. గెడ్డ పొంగు ఇంకా తగ్గలేదు. అక్క లోపల్నుంచి, గుంట ఎలాగుందో చూసి రమ్మంటోంది. సాయంత్రం మాత్రకి వేళవుతోంది.