మద్రాసులో బస్సు దిగిన మా మామ

పోయిన నెల ఒక ఉదయం, బడి గంట కొట్టకముందే, ఐరాల బస్సు కండక్టరు మా బడి గేటు దగ్గరికి వచ్చాడు. బస్సును రోడ్డు మీదే ఆపించి, ఇంజను ఆర్పకుండా దిగి వచ్చాడు. "టీచరమ్మా, మీ మామ తెల్లారేతలికి పోయినాడంట. మీ అత్త చెప్పమనింది" అన్నాడు. చిత్తూరులో నేనుండే ఇంటికి ఫోను లేదు. టెలిగ్రాం ఇవ్వాలన్నా మా అత్త వాళ్లు చిత్తూరుకే రావాలి. ఎన్నో ఏళ్లుగా మా కబుర్లన్నీ ఆ బస్సులోనే వచ్చేవి. అదే బస్సు తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కాను.

మా మామ పేరున్న మనిషి కాదు. ఐరాల పక్కన చెరుకు పండించి, బెల్లం వండుకునే రైతు. ఆయన గురించి నలుగురూ చదివే చోట రాయడమేమిటని మీరనుకోవచ్చు. రాయకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

మా అత్తగారింట కోడలు మామతో నేరుగా మాట్లాడే వాడుక లేదు. ఆయనకు నీళ్లు కావాలంటే "దప్పికగా ఉండాది" అని దూలానికేసి చెప్పేవాడు. నేను చెంబు అరుగు మీద పెట్టి తప్పుకునేదాన్ని. పెళ్లయిన మూడేళ్లలో మా ఇద్దరి మధ్య ఒక్క మాట నడవలేదు. నాకది లోటుగా కూడా తోచలేదు.

అప్పుడు నా భర్తకు గుండె జబ్బు ముదిరి మద్రాసులో పెద్దాసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. గొడ్లను చూసుకోవడానికి అత్త ఇంటి దగ్గర ఉండిపోయింది. మామా నేనూ ఒక సత్రంలో దిగి, రోజూ రెండు బస్సులు మారి ఆసుపత్రికి వెళ్లేవాళ్లం. మామకు అరవం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అంకెలు మాత్రం చూసేవాడు. స్టాపులో నిలబడి, పక్కనున్న స్తంభంతో "మన నెంబరు ఇంగా రాలే" అనేవాడు. "అదిగో వస్తా ఉండాది" అని నేనూ ఆ స్తంభానికే చెప్పేదాన్ని. చుట్టూ ఉన్నవాళ్లు మమ్మల్ని పిచ్చివాళ్లనుకుని ఉంటారు.

ఆ బస్సుల్లో ఎడమవైపు సీట్లు ఆడవాళ్లవి. నేను ముందర, ఆయన ఎక్కడో వెనక. నేను దిగాల్సిన చోటు రాగానే రెండుసార్లు గట్టిగా దగ్గేవాడు. అంత పెద్ద పట్నంలో నేను ఆ దగ్గును నమ్ముకునే తిరిగాను. ఒకరోజు ఇంకెవరో ముసలాయన దగ్గితే వేరే స్టాపులో దిగబోయాను కూడా. ఆ రోజు స్తంభంతో చెప్పుకుని మామ చాలాసేపు నవ్వాడు. మద్రాసులో ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను.

ఆపరేషను రోజు వచ్చింది. బయట తీయించిన ఎక్స్‌రే ఫిల్ములు తొమ్మిదిలోగా తెచ్చివ్వమన్నారు. అవి సంచీలో ఉన్నాయి, సంచీ మామ చంకలో ఉంది. నిద్ర లేక నాకు కాళ్లు నిలవడం లేదు. ఆయన గమనించినట్టున్నాడు. మా చిత్తూరు బస్టాండు పద్ధతి మీకు తెలిసిందే, కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు మనది. ఎంత తోపులాటలోనైనా దాన్నెవరూ కదపరు. మారాల్సిన చోట రెండో బస్సు రాగానే మామ కిటికీలోంచి ఆడవాళ్ల సీటు మీద తువ్వాలు వేశాడు. అది జారిపోకుండా సంచీని దాని మీద పెట్టాడు. సీటు నాకోసమే. కానీ సిటీ బస్సు మన బస్సులాగా కాచుకోదు. మేం మెట్టు దగ్గరికి చేరేలోగానే విజిల్ పడింది. మామ పరిగెత్తి వెనక కమ్మీ పట్టుకుని ఎక్కేశాడు. నేను రోడ్డు మీద మిగిలిపోయాను.

చేతిలో పైసా లేదు. సత్రం ఏ వీధిలో ఉందో తెలియదు. "నాయనా!" అని అరిచాను. చనిపోయిన మా నాయనను తప్ప అంతవరకూ ఎవరినీ అలా పిలిచి ఎరగను. మామ వెనక్కి తిరిగి చూశాడు, కదిలే బస్సులోంచి దూకేశాడు. మోకాళ్లు రెండూ చీరుకుపోయి నెత్తురు కారింది. బస్సు మలుపు తిరిగి వెళ్లిపోయింది.

సంచీ సాయంత్రానికి డిపోలో దొరికింది. ఆపరేషను మూడు రోజులు వాయిదా వేశారు. రెండో రోజు నా భర్త పోయాడు. ఆపరేషను చేసినా బతికేవాడని చెప్పలేమన్నాడు డాక్టరు. అన్నాడే గానీ, ఆ మాటకు ఎవరి మనసు ఊరుకుంటుంది?

ఇంటికి వచ్చాక మామ ఒకే మాట చెప్పాడు. "సంచీ నేనే బస్సులో పారేసినా." నేను పిలిచిన సంగతి ఎత్తలేదు, తాను దూకిన సంగతీ ఎత్తలేదు. "కొడుకును బస్సులో పారేసుకున్న మనిషి" అని అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పన్నెండేళ్లు చెప్పింది. ఆయన తల వంచుకుని అన్నం తినేవాడు. పక్కనే ఉండి నేను నోరు విప్పలేదు. విప్పితే ఆ ఇంట్లో నాకు చోటుండదని భయం. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, జరిగింది అదే.

నన్ను టీచరు ట్రైనింగుకు పంపింది ఆయనే. ఆ తర్వాత బెల్లం అచ్చు గుడ్డలో చుట్టుకుని చిత్తూరుకు వచ్చేవాడు. అప్పటికి దూలాలూ స్తంభాలూ మానేసి "అమ్మణ్ణీ" అని పిలిచేవాడు. ఒకసారి బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఉండగా, నేను ఉండబట్టలేక, "ఆ పొద్దు నేను పిలవకుండా ఉంటే సంచీ దక్కుండేది, నాయనా" అన్నాను.

"నువ్వు పిలవకపోయినా దిగుండేవాణ్ణే" అన్నాడు. "నిన్ను ఆడ ఒగదాన్నే ఇడిసిపెట్టి సంచీ ఎత్తుకోని పోతే, వాడు అడగడా నన్ను, యాడ నా పెండ్లామని?"

"అత్తకు చెప్పేస్తా."

"వద్దమ్మణ్ణీ. ఆమెకు తిట్టేదానికి ఒగ మనిషి కావల్ల. నిన్ను తిడితే నువ్వు యాడికన్నా పోతావు. నేనైతే యాడికి పోతాను?"

నిజంగా పోయాడిప్పుడు. నాయనా అని పిలవడానికి నాకిక ఎవరూ లేరు.

పదకొండో రోజు కార్యం ముగిసి చుట్టాలంతా వెళ్లాక, అత్త ఒక్కతే చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

"అట్లయితే, ఆ మోకాళ్లు అప్పుడు పోయినవేనా?" అంది. "సలికాలమొస్తే కాళ్లు లాగతా ఉండాయనేవాడు. ఒగ దినమన్నా నూని రాసిందాన్ని కాదే, మే."

చింతపండు చేట అక్కడే వదిలి లోపలికి వెళ్లింది. పొయ్యి మీద నూనె వెచ్చబెట్టి గిన్నెతో తెచ్చుకుంది. ఆయన నులకమంచం పక్కన కింద కూర్చుని, ఆ గిన్నెను ఒళ్లో పెట్టుకుంది. నూనె చల్లారిపోయినా లేవలేదు.