అరవై గుడ్లు, ఒక మైనస్ గుర్తు

అరవై నాటు గుడ్లనూ, ఐదిళ్ల నమ్మకాన్నీ, నా గర్వాన్నీ ఒక్క పూటలో ఎలా చల్లబరిచానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఎల్లారెడ్డిలో ఒక వాడ వాడంతా ఇప్పటికే నవ్వేసింది.

నేను కామారెడ్డిలో ఇంటి నుంచే ప్రోగ్రాములు రాస్తుంటాను. తీరిక దొరికినప్పుడు సీ భాషలో ఒక లైబ్రరీ తయారుచేశాను. లైబ్రరీ అంటే పుస్తకాలుండేది కాదు, వేరేవాళ్లు తమ ప్రోగ్రాముల్లో కలుపుకొని వాడుకునే కోడ్. వేడి కొలిచే పరికరం చెప్పింది విని, బల్బు వెలిగించాలో ఆర్పాలో తేల్చడం దాని పని. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి, పైన పెద్ద అక్షరాలతో "ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది" అని రాసుకున్నాను. ఎన్నింటిలో నడిపి చూశానని మాత్రం అడగకండి. ఒక్కటే, నా లాప్‌టాప్.

మా పక్కింట్లో నాకు అక్కలా పెరిగి, పెళ్లయి ఎల్లారెడ్డి వెళ్లిన నూర్జహాన్ ఆపా కోడిపిల్లల్ని పెంచాలనుకుంది. వాడలో ఐదుగురి దగ్గర తలా పన్నెండు గుడ్లు అడిగి తెచ్చింది. పిల్లలైతే సగం వాళ్లకు, సగం ఈమెకు అని మాట. సంగతి తెలిశాక నేను ఊరుకుంటానా? కోడి లేకుండా బల్బు వేడితోనే పొదిగిద్దామని థర్మాకోల్ పెట్టె, బల్బు, వేడి కొలిచే పరికరం, బుల్లి స్క్రీన్ ఉండి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు సంచిలో వేసుకొని బస్సెక్కాను.

"పిల్లలు అయితయా తమ్మీ? అందరికీ మాటిచ్చిన. గుడ్లు కరాబైతే ఆ ఐదుగురికి మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"ఫికర్ చెయ్యకు ఆపా. రెండు దినాలు నా లాప్‌టాప్‌కు పెట్టి చూసిన. ముప్ఫై ఎనిమిది డిగ్రీలంటే ముప్ఫై ఎనిమిదే."

ఆమె ఇంట్లోనూ ముందు లాప్‌టాప్ తగిలించి పెట్టెను వేడెక్కించాను. మూడు వారాలు లాప్‌టాప్‌ను అక్కడ వదిలేయలేను కాబట్టి, దాన్ని తీసి బోర్డు తగిలించాను. బల్బు ఆరిపోయింది. పెట్టె వెచ్చగానే ఉంది కదా, ఆరడమే న్యాయం అనుకున్నాను. గుడ్లు పేర్చాం. చాయ్ తాగి బయలుదేరాను. బస్సు లింగంపేట దాటకముందే ఫోన్ మోగింది.

"బల్బు వెలుగుత లేదు తమ్మీ."

"స్క్రీన్ మీద ఏం చూపిస్తుంది?"

"వేడి ఎక్కువైందని చూపిస్తుంది. చెయ్యి పెట్టి చూస్తే గుడ్లు బాయినీళ్ల లెక్క సల్లగున్నయ్."

"బల్బు పోయి ఉంటది ఆపా. నా మెషీన్‌ల మంచిగ నడిచింది."

దిగి, వెనక్కి వెళ్లే బస్సు పట్టుకున్నాను. ఆ రోజు నా పట్టుదల చూడాలి మీరు! బల్బు మార్చాను. వైరు మార్చాను. వేడి కొలిచే పరికరం మార్చాను. కరెంటు సరిగ్గా లేదని పక్కింటి నుంచి వైరు లాగించాను. లాప్‌టాప్ పెడితే బల్బు వెలుగుతుంది, బోర్డు పెడితే ఆరుతుంది. నా కోడ్‌ను అనుమానించడం తప్ప అన్నీ చేశాను.

"బోర్డే కరాబ్. ఇంకోటి తెస్త," అని ప్రకటించాను. "నా మెషీన్‌ల చూస్తున్నవు కదా, ఎంత మంచిగ నడుస్తుందో!"

ఆపాకు ఓపిక అయిపోయింది. "గట్లయితే గుడ్లన్నీ తీస్కపోయి నీ మెషీన్ కిందనే పెట్టు!"

నాకు నిజంగా సిగ్గేసింది. అయినా పట్టు వదల్లేదు. కామారెడ్డికి ఉరికి, కొత్త బోర్డుతో తిరిగి వచ్చాను. వచ్చేసరికి పెట్టె ఖాళీ. వరండాలో ఐదు గంపలు, ఐదు గంపల్లో ఐదు పొదుగు కోళ్లు. గుడ్లు ఇచ్చిన ఇళ్ల నుంచే ఆపా ఒక్కో కోడిని అడిగి తెచ్చింది.

"ఒక్క పది నిమిషాలు ఆపా. గుడ్లు మళ్లీ పెట్టెల పెడదాం," అంటూ ఒక గంపలో చెయ్యి పెట్టాను. ఆ కోడి నా చేతిని రక్తం వచ్చేలా పొడిచింది.

"నువ్వు నిమ్మళంగ చేస్కో తమ్మీ," అంది ఆపా. "వీటికి కరెంటు గూడ అక్కర్లేదు."

కొత్త బోర్డూ అదే పాట పాడింది. ఇక దిక్కులేక నా లైబ్రరీ పేజీ తెరిచాను. కొన్ని నెలల కిందటే ముక్కూ మొహం తెలియని వాడొకడు రాసి ఉన్నాడు: "ఈ రకం బోర్డు మీద తేడా మైనస్‌లోకి పోవడం లేదు, బల్బు వెలగడం లేదు." కింద జవాబు: "నా మెషీన్‌లో బాగానే నడుస్తోంది. మీ బోర్డు చూసుకోండి." అంత పొగరుగా జవాబు రాసి ఫిర్యాదు మూసేసిన మహానుభావుడెవరా అని పేరు చూశాను. నేనే.

జరిగింది ఇంతే. ఉన్న వేడిలోంచి కావలసిన వేడిని తీసేసి, ఆ తేడాను 'చార్' అనే చిన్న గడిలో దాచాను. నా లాప్‌టాప్‌లో ఆ గడిలో మైనస్ అంకెలు పడతాయి, ఆ బోర్డులో పడవు. పది డిగ్రీలు తక్కువైతే మైనస్ పది రావాలి, అక్కడ రెండు వందల నలభై ఆరు అవుతుంది. పాపం, గుడ్లు ఆమ్లెట్లవుతున్నాయనుకొని బోర్డు బల్బు ఆర్పేసింది.

'చార్' ముందు, మైనస్ అంకెలూ పట్టాలని చెప్పే 'సైన్డ్' అన్న ఒక్క మాట చేర్చాను. బల్బు వెలిగింది. అక్కడితో లేవలేదు. కోళ్ల మధ్యే గోనెసంచి మీద కూర్చొని లైబ్రరీ అంతా వెతికితే ఇలాంటి చోట్లే ఇంకో పదకొండు దొరికాయి. అన్నీ సరిచేసి, రెండు బోర్డుల మీదా లాప్‌టాప్ మీదా నడిపి చూశాను. ఆ తెలియని మనిషికి క్షమాపణ రాశాకే లేచాను. ఖాళీ పెట్టె ముప్ఫై ఎనిమిది డిగ్రీల దగ్గర దివ్యంగా వెలుగుతూ ఉంది.

మూడు వారాలకు ఆపా ఫోన్ చేసింది. "యాభై ఒక్క పిల్లలైనయ్ తమ్మీ! వచ్చి చూసిపో. ఒక్కటి గూడ నీ మెషీన్‌ల కాలే."

కాబట్టి పెద్దలారా, కోడ్ రాసే సోదర సోదరీమణులారా, నా చేతి మీది మచ్చ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరు ఏ లోపం చెప్పినా, వాళ్ల మెషీన్ ముందు కూర్చోకుండా జవాబు రాయను. ఈ మాట తప్పిన రోజు నన్ను ఎల్లారెడ్డి పంపి, మిగతా నాలుగు గంపల్లోనూ చెయ్యి పెట్టించండి.