హుకుంపేట కళ్లంలో ఇంగ్లీషు డ్రమ్ములు

ఎనభైల మొదట్లో, ఒక ఏడాది వానలు వెనకపట్టాక, నేను పనిచేస్తున్న విశాఖపట్నం రేడియో కేంద్రంలో యువజన కార్యక్రమాలు నాకు అప్పగించారు. నా హోదా ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్. కార్యక్రమం ఆలోచించడం, మాట్లాడేవాళ్లను పిలవడం, రికార్డు చేసుకొచ్చి టేపును బ్లేడుతో కోసి అతికి ప్రసారానికి సిద్ధం చేయడం మా పని. మా పైన అసిస్టెంట్ డైరెక్టరు, ఆయన పైన స్టేషన్ డైరెక్టరు. ఏజెన్సీ ప్రాంతంలో చదువుకున్నవాళ్ల గొంతు కూడా వినిపించాలని ఆ మూడు నెలల కార్యక్రమాలకూ పైనుంచి ఆదేశం ఉంది.

నాకు వెంటనే తట్టిన పేరు సుగుణ టీచరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అరకు లోయలోని ఒక మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. మేము ఆదివారం వేసే పాశ్చాత్య సంగీతం మరీ పాతదని నెలకో కార్డు రాసే శ్రోత కూడా. పదిహేను నిమిషాల ప్రసంగం రాసి పంపమని అడిగాను. కాఫీ తోటల గురించో బొర్రా గుహల గురించో రాస్తుందని అనుకున్నాను. వారం తిరక్కుండా స్క్రిప్టు వచ్చింది. ఇంగ్లండులో అయిదారేళ్ల కిందట పుట్టిన పంక్ అనే కోపపు, రొద సంగీతంలో మొదటి రెండు బృందాలను పోలుస్తూ, ఎవరి పాట ఎక్కువ కాలం నిలుస్తుందో తేల్చే ప్రసంగం అది. ఆమె తమ్ముడు ఓడలో పనిచేసేవాడు. ఇంగ్లండు రేవుల్లో కొన్న క్యాసెట్లు హార్బరుకు వచ్చినప్పుడల్లా అక్కకు పంపేవాడు.

ఆ బృందాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. తెలిసినవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు. మొదటిది ఒకే ఒక్క పెద్ద రికార్డు ఇచ్చి, దేశమంతా గగ్గోలు పుట్టించి, రెండు మూడేళ్లలోనే విడిపోయింది. రెండోది అదే కోపంతో మొదలై, జమైకా నుంచి వలస వచ్చినవాళ్ల లయనూ ఇంకా ఎన్నిటినో నేర్చుకుంటూ ముందుకు పోతూ ఉంది. సుగుణ టీచరు ఓటు మొదటిదానికి.

నేను వీణ వింటూ పెరిగినవాణ్ణి. ఆమె స్క్రిప్టుతో పాటు పంపిన క్యాసెట్టు మొదటిసారి విన్నప్పుడు స్టూడియో తలుపు వేసుకున్నాను. అయినా స్క్రిప్టు బాగుంది. ఎక్కడా డాంబికం లేదు. అందుకే పైకి పంపాను. అసిస్టెంట్ డైరెక్టరు దాన్ని ఎర్ర సిరాతో తిప్పి పంపారు. మొదటి బృందం పాటల్లో ప్రధానమైనది వాళ్ల రాణిగారిని ఎద్దేవా చేసేది. మిత్రదేశాలను కించపరిచే మాట ప్రసారం కాకూడదని మా నియమావళిలో ఉంది. వేరే విషయం రాయించమన్నారు.

ఉత్తరం రాస్తే తేలే సంగతి కాదని స్వయంగా బయలుదేరాను. భుజానికి తగిలించుకునే స్పూల్ రికార్డరు, నాలుగు టేపులు, విడి బ్యాటరీలు తీసుకుని పొద్దున్నే పాసింజరు ఎక్కి, సొరంగాలన్నీ దాటి అరకులో దిగాను. స్కూలు వరండాలో ఆమెతో మాట్లాడాను. విషయం మార్చమని చెప్పడానికే వెళ్లానన్నది దాచడం ఎందుకు?

"కాఫీ గురించి చెప్పడానికి కాఫీ బోర్డు వాళ్లున్నారు సార్," అంది. "ఏజెన్సీలో ఉండేవాళ్లు ఏజెన్సీ గురించే మాట్లాడాలని రూలుందా?"

అలాంటి రూలు లేదు. లేదనే చెప్పాను.

ఆమె పట్టుదలకు కారణం తర్వాత చెప్పింది. చర్చిలో హార్మోనియం వాయించేదట. మరీ గట్టిగా, మరీ వేగంగా వాయిస్తోందని ఆ పని ఎవరో పిల్లకు ఇచ్చేశారు. అప్పటి నుంచి చేతులు కట్టేసుకుని కూర్చుంది. వచ్చినంత వరకే వాయించి జనం ముందు నిలబడవచ్చని ఆ మొదటి బృందం వల్లనే ధైర్యం కలిగిందట. రేడియోలో ఈ సంగీతం గురించి మాట్లాడబోతున్నానని స్కూలు నడిపే కరస్పాండెంటు దగ్గరకు తనే వెళ్లి ముందుగా చెప్పి వచ్చింది. ఆయన సంతోషించలేదు. వచ్చే ఏడాది ఉద్యోగం మాట అప్పుడు చూద్దామన్నారు. ఇంత చేశాక ఆమెను కాఫీ మీద మాట్లాడమనడం నాకు న్యాయంగా తోచలేదు.

ఇద్దరం కూర్చుని దారి వెతికాం. అభ్యంతరం మాటలకే. గొంతు అందుకోక ముందు వచ్చే గిటారు, డ్రమ్ముల ముక్కలను మాత్రం వినిపిస్తే నియమానికి అడ్డు రాదు. రెండు బృందాలనూ అలాగే వినిపించాలి. ఆమె దానికి ఒప్పుకుంది.

"మాటలు తీసేస్తే మిగిలేది దరువు. దాని గురించి నాకంటే తెలిసిన మనిషి హుకుంపేట దగ్గరున్నాడు సార్. రేపు పదండి."

ఆ మనిషి సుక్రన్న. ఆడవాళ్లు వరస కట్టి ఆడే ధింసాకు డప్పు కొట్టడంలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. అతని మేనకోడలు సుగుణ టీచరు దగ్గర చదువుకునేది. మరునాడు బస్సు దిగి మేం వెళ్లేసరికి అతను కళ్లంలో సామలు నూర్పిస్తున్నాడు. వచ్చిన పని చెబితే నవ్వి, గడ్డి మీద మాకు చోటు చూపించాడు. ఆమె క్యాసెట్ ప్లేయరు మధ్యలో పెట్టింది. నేను రికార్డరు ఆన్ చేసి మైకు పట్టుకున్నాను.

మొదటి బృందం ముక్క మొదలవగానే నూర్పిడి ఆగిపోయింది. నలుగురు ఆడవాళ్లు వరసగా చేతులు కలిపి ధింసా అడుగు వేయబోయారు. రెండు అడుగులు పడ్డాయి, మూడోదానికి వరస తెగిపోయింది.

"ఇదేటమ్మా, బేగి బేగి తరుముతున్నట్టుంది!" అని ఒకావిడ నవ్వుతూ కూలబడింది.

రెండో బృందం ముక్క వేశాం. జమైకా లయ కలిసిన పాట అది. మొదట తడబడ్డారు. తర్వాత దెబ్బకూ దెబ్బకూ మధ్యనున్న ఖాళీలో అడుగు పడింది. ముక్క అయిపోయే దాకా వరస తెగలేదు.

సుక్రన్న రెండూ మళ్లీ వేయించుకుని విన్నాడు. అప్పుడు చెప్పాడు: "మొదటోడు మాసెడ్డ బలంగా కొడతన్నాడు. తప్పునేదు. కానీ ఆడోళ్ల కాళ్లు సూడ్డం నేదు. రెండోవోడు సూత్తన్నాడు. మద్దిలో సోటు వొగ్గేత్తన్నాడు."

సుగుణ టీచరు ముఖం ఎర్రబడింది. తన పక్షాన నాలుగు మాటలు చెబుతాడని తీసుకొచ్చిన మనిషి ఎదురు తిరిగాడు. అయినా తగ్గలేదు.

"ఎవరి కాళ్లూ చూడకపోవడమే వాళ్ల గొప్ప, సుక్రన్నా. వాళ్లను ఆడడానికి ఎవరూ పిలవలేదు. పిలవకుండానే వచ్చి కొట్టారు. వాళ్లు కొట్టబట్టే ఈ రెండోవాళ్లకు ధైర్యం వచ్చింది."

"అయితే అవనీ టీసరమ్మా. ఆళ్లు కొట్టీసి ఎల్లిపోనారు కదా. లేసి నిల్సున్నోళ్లు ఏటి సేసుకోవాల? ఆట సివరికంటా ఎవుడో ఒకడు కొట్టాల."

"వెళ్లిపోయినా లేపింది వాళ్లే కదా!"

"లేపినోడే దింపాల."

ఇలా పావుగంట సాగింది. ఇద్దరిలో ఒక్కరూ ఒప్పుకోలేదు. నా కళ్లు తిరుగుతున్న టేపు చక్రం మీదే ఉన్నాయి. టేపు అయిపోతుందేమోనన్న భయం తప్ప నాకు వేరే ఆలోచన లేదు. అంతవరకు నాకు రెండూ ఒకే రకం రొద. ఆ కళ్లంలో మొదటిసారి వాటి మధ్య తేడా వినిపించింది.

అసలు చిక్కు కేంద్రానికి తిరిగి వచ్చాక మొదలైంది. అసిస్టెంట్ డైరెక్టరు టేపు మొత్తం విని, పాటల మాటలు లేవు కనుక విషయానికి ఒప్పుకుని, స్కూల్లో రికార్డు చేసుకొచ్చిన టీచరు ప్రసంగం ఉంచి డప్పు మనిషి భాగం తీసేయమన్నారు. ఆయన చెప్పిన కారణాలు తప్పు కావు. ప్రసంగమంటే ముందే ఆమోదించిన స్క్రిప్టు ఉండాలి. సుక్రన్నకు స్క్రిప్టు లేదు, ఒప్పంద పత్రం లేదు. పైగా మనం పిలిచిన వక్తను ఊళ్లో మనిషి కాదనడం మర్యాదగా లేదన్నారు.

ఆ భాగం తీసేస్తే మిగిలేది తన తీర్పు తానే చదువుకునే ప్రసంగం. మర్యాద సంగతి టీచరునే అడిగాను. "ఆయన మాట కోస్తే నాది కూడా కోసేయండి సార్" అని టెలిగ్రాం ఇచ్చింది. ప్రసార పత్రంలో 'ప్రసంగం' అన్న మాట కొట్టేసి 'చర్చ' అని రాశాను. చర్చకు అంశాలు ముందుగా చెబితే చాలు, పూర్తి స్క్రిప్టు అక్కర్లేదు. ఒప్పంద పత్రం పోస్టులో పంపి సుక్రన్న వేలిముద్ర తెప్పించాను. మార్పుకు బాధ్యత నాదేనని నోట్ రాసి, సంతకం పెట్టి నేరుగా స్టేషన్ డైరెక్టరుకు పంపాను. మధ్య అధికారిని దాటిపోవడం మా ఉద్యోగంలో పెద్ద తప్పు. ఆ సంగతి తెలిసే చేశాను. డైరెక్టరు టేపు విని, "చర్చే" అని ఒక్క ముక్క రాసి ఆమోదించారు.

అనుకున్న ఆదివారం అది ప్రసారమైంది. సంగీతం భరించలేకపోయామని కొందరు శ్రోతలు రాశారు. మరికొందరు టీచరు వైపో డప్పు మనిషి వైపో చేరి వాదించారు. అంతవరకు మా యువజన కార్యక్రమానికి వాదించే ఉత్తరం రాలేదు. ఆ సంవత్సరం నా పనితీరు మీద పైవాళ్లు రాసే రహస్య నివేదికలో 'సూచనలకు లోబడి పనిచేయరు' అన్న వాక్యం చేరింది. నా పదోన్నతి ఆలస్యం కావడానికి అదొక కారణమని తర్వాత తెలిసింది. సుగుణ టీచరు ఉద్యోగం పోలేదు. ఆమె తర్వాత మూడుసార్లు మా స్టూడియోకు వచ్చి మాట్లాడింది. తన అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. సుక్రన్న జానపద కళాకారుల ఆడిషన్‌కు ఒకసారి వచ్చి తప్పాడు. అద్దాల గదిలో ఒక్కణ్ణీ కూర్చోబెడితే చెయ్యి ఆడలేదన్నాడు. మరుసటిసారి నలుగురు ఆడవాళ్లను కూడా లోపలికి రానిచ్చాం, నెగ్గాడు.

ఈ వ్యవహారం వృత్తిపరంగా నాకు నేర్పింది ఒకటే. రెండింటిని పోల్చి చెప్పే కార్యక్రమానికి ఒకే గొంతు చాలదు. ఆ తీర్పును ఒప్పుకోని రెండో మనిషిని, ఆ పని చేతులతో చేసేవాణ్ణి, వెతికి పట్టుకోవాలి. అతను దొరికాక, వక్తకు ఇబ్బంది అనో అధికారికి ఇబ్బంది అనో అతని మాట తీసేయకూడదు. రిటైరయ్యే వరకు చాలా చర్చలు కోసి అతికాను. నిడివి ఎక్కువైనప్పుడు పరిచయాలు కోశాను, పొగడ్తలు కోశాను, నా ప్రశ్నలు కూడా కోశాను. ఒకరినొకరు కాదన్న చోట మాత్రం టేపు మీద బ్లేడు పెట్టలేదు.