డిక్కీలో బ్రహ్మయ్య గారు

బ్రహ్మయ్య గారు కొలవనిదే దేన్నీ నమ్మరు. ఒళ్లు కాలిపోతోందని భార్య గిరిజ అంటే నుదుటి మీద చెయ్యి వెయ్యరు, థర్మామీటరు కోసం ఇల్లంతా వెతుకుతారు. “ఎలా ఉన్నారు?” అని పలకరిస్తే, “తెలీదు, కొలవలేదు” అంటారు. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్ ఊరి తెలుగువాళ్లెవరూ ఆయన్ని రెండోసారి ఆ ప్రశ్న అడగరు.

పై అంతస్తు ధీరజ్‌కి అంత ఓపిక లేదు. మాస్టర్స్ పూర్తయి ఏడాదైనా సరైన ఉద్యోగం లేదు. ఊరవతల గోదాములో పొద్దున ఆరింటి షిఫ్టు. ఆ వేళకు బస్సు లేక పదహారేళ్ల పాత కారు కొన్నాడు. శని, ఆదివారాలు కదలకుండా ఉంటే సోమవారం అది చచ్చి పడుండేది. ఇప్పటికి రెండు సోమవారాలు ఆలస్యం. మూడోసారైతే ఇక రావద్దని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

శనివారం కొత్త బ్యాటరీ కొనబోతుంటే బ్రహ్మయ్య గారు మెట్లకి అడ్డంగా నిలబడ్డారు.

“పాతది పాడైందని ఎవరన్నారు? కొలిచావా?”

“కొలుసుడేంది అంకుల్? స్టార్టే అయితలేదు!”

“నేను కొలిచానయ్యా. బ్యాటరీ భేషుగ్గా ఉంది. కారు ఆపాక ఎవరో దొంగచాటుగా కరెంటు తాగుతున్నారు. కొత్తది పెడితే దాన్నీ తాగేస్తాడు. రేపు పట్టుకుందాం.”

“రేపు ఆదివారం, షాపులుండవ్. దొంగ దొరక్కపోతే నా జాబ్ పోతది.”

“దొరుకుతాడు.”

ఆదివారం బ్రహ్మయ్య గారు బానెట్ ఎత్తి బ్యాటరీకి కరెంటు కొలిచే మీటరు తగిలించారు. తలుపులన్నీ మూయించి, పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

“హుష్! అరగంటకి లోపలి యంత్రాలన్నీ ఆగి కారు పడుకుంటుంది. తలుపు తీశావో, లేచి కూర్చుంటుంది.”

ధీరజ్ లోపల్లోపల ఉడికిపోయాడు. పడుకున్న కారు 0.03 ఆంపియర్లు దాటకూడదట. ఇది 0.45 తాగుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే, దీపాల ఫ్యూజు దగ్గర అంకె పడిపోయింది. అద్దాల్లోంచి చూస్తే ఒక్క దీపమూ వెలగడం లేదు.

“మనకి కనపడనిది డిక్కీ ఒక్కటే,” అంటూ ఫ్యూజు మళ్లీ పెట్టి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఆయన డిక్కీలో దూరారు. “మూసెయ్!”

కాసేపటికి లోపల్నుంచి కేక. “వెలుగుతోంది!”

“దొరికిండు గదా, బయటికి రండి!”

“కారు పడుకున్నాక కూడా వెలిగితేనే దొంగ. అరగంట ఆగు.”

“ఫోన్ల వీడియో పెట్టి మూసినా అయిపోవు గదా అంకుల్?”

డిక్కీ విసుక్కుంది. “ముందే చెప్పొద్దుటయ్యా?”

అప్పుడే ఎదురింటి జర్మన్ ఆవిడ, ఫ్రౌ క్లింగర్ వచ్చింది. “లోపల ఎవరు?” అని బిగ్గరగా అడిగింది.

“నిశ్శబ్దం! కారు పడుకుంటోంది!” జర్మన్‌లో జవాబిచ్చింది డిక్కీ.

ఆవిడ గొంతు తగ్గించింది. “ఆదివారం ఇక్కడ చప్పుడు నిషేధం, రిపేర్లు చెయ్యకూడదు.”

“ఇది రిపేరు కాదు, కొలత.”

ఆవిడకి అందులో తప్పేమీ కనపడలేదు. మునివేళ్ల మీద వెళ్లిపోయింది.

అరగంట తర్వాత కూడా దీపం వెలుగుతూనే ఉంది. బల్బు పీకేస్తే, కారు మళ్లీ పడుకున్నాక 0.02. సాయంత్రం దాకా బ్యాటరీని ఛార్జింగుకి పెట్టి, “నిశ్చింతగా నిద్రపో. అంకె అబద్ధమాడదు,” అన్నారు.

ధీరజ్‌కి నిద్ర పట్టలేదు. సోమవారం పొద్దున ఐదింటికి తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే కారు అందుకుంది.

హెడ్‌లైట్ల వెలుగులో, చెత్తడబ్బాల వెనక ఎవరో నక్కారు. మంకీ క్యాప్, ఇంటి చెప్పులు, మెడలో పూలదండలా, ఒక కారు కరెంటుతో ఇంకో కారుని లేపే జంపర్ కేబుళ్లు, చేతిలో సొంత కారు తాళాలు.

“అంకుల్! అంకె అబద్ధమాడదన్నరు గదా?”

“ఆడదు. ఊరికే, గాలి కోసం వచ్చాను.”

“గీ చలిలనా? ఎంతసేపైంది వచ్చి?”

బ్రహ్మయ్య గారు కేబుళ్లని వీపు వెనక్కి దాచుకున్నారు.

“కొలవలేదు.”