చోడిచేలో పచ్చగీత

ఆ ఉదయం పొయ్యి మీద చోడి అంబలి, అదే రాగి అంబలి, కలుపుతున్నాను. మా ఇంట్లో ఫోను కిటికీ ఊచకు కట్టి ఉంటుంది. అక్కడ తప్ప సిగ్నల్ అందదు. మోగితే గరిటె చేత్తో పట్టుకునే వెళ్ళాను. విశాఖ నుంచి మేడంగారి మేనకోడలు. "అత్తయ్య రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారండీ. మీకు తప్పకుండా చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచారు" అంది. ఆ తరవాత ఏం మాట్లాడిందో సరిగా గుర్తు లేదు. తిరిగి వచ్చేసరికి అంబలి అడుగంటింది. కుండ దించి, దీపం వెలిగించి, దాని ముందు కూర్చున్నాను. ఆమె కోసం ఏమని మొక్కుకోవాలో తోచలేదు. "తల్లీ, చాలా నడిచింది. ఇక కాస్త కూర్చోనీ" అని మాత్రం అనుకున్నాను.

అనంతగిరి వైపు మా గూడేల్లో ఆమెను రాళ్ళ మేడం అనేవారు. వెయ్యేళ్ళకు పూర్వం ఈ కొండల్లో మనుషులు ఎలా బతికారో తెలుసుకోవడం ఆమె పని. రాజుల సంగతి ఆమెకు పెద్దగా పట్టేది కాదు. ఆ కాలం వాళ్ళు ఏ వాలులో దున్నుకున్నారు, ఏ దారిన కిందినుంచి ఉప్పు మోసుకొచ్చారు, నీళ్ళు ఎలా మళ్ళించుకున్నారు, ఇవే కావాలి. అవి పుస్తకాల్లో ఉండవనీ నడిస్తేనే కనిపిస్తాయనీ నమ్మి, ఏళ్ళ తరబడి మా కొండలు నడిచారు.

మొదట్లో లంకెబిందెల కోసం వచ్చిందనుకున్నారు అందరూ. తనతో తిరగడానికి చదవడం రాయడం వచ్చిన ఆడమనిషి కావాలని ఆమె అడిగితే, ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివిన నన్ను చూపించారు. మా అత్త ఊరుకోలేదు.

"రాళ్ళేరుకోడానికి పదో తరగతెందుకే గుంటా? కళ్ళుంటే సాలదా?"

మేడం విని నవ్వారు. "కళ్ళే కావాలమ్మా. కాని ఎక్కడ ఏరామో రాసుకోకపోతే, అది వట్టి రాయే."

"బంగారం దొరికితే మాకూ వాటా ఇయ్యాల మరి."

"వాటా ఎందుకు, దొరికిన పెంకులన్నీ మీకే."

అప్పటినుంచి మా అత్త ఆమె జీపు దిగడం చూస్తే చాలు, "ఏటమ్మా, నా పెంకులు జాగ్రత్తగా దాసినావా?" అని అరిచేది.

ఆమెతో నడవడం నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. నేను గబగబా నడిచేదాన్ని. ఆమె దుక్కి దున్నిన చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తలొంచుకుని మెల్లగా వెళ్ళి, కాస్త పక్కకు జరిగి, మళ్ళీ అటునుంచి ఇటు వచ్చేవారు. కుండ పెంకు కనిపిస్తే చెంగుతో తుడిచి, అంచు ఎటు వంగిందో చూసి, ఎక్కడ దొరికిందో నాతో రాయించేవారు. అవసరం లేనివాటిని తీసినచోటే తిరిగి పెట్టేవారు. ఎవరి చేలో అడుగు పెట్టినా ముందు గట్టు మీద ఆగి, "లోపలికి రావచ్చా?" అని అడిగేవారు. చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా అడిగేవారు. నేను తొందరపడి ఇది గోడ, ఇది పొయ్యి అని చెబితే, "చూసింది చెప్పు తల్లీ. అనుకుంది తరవాత చెబుదువు గాని" అనేవారు.

ఒకసారి, మీరు దేవుణ్ణి నమ్ముతారా అని అడిగాను. "నాకు తెలీదమ్మా. కాని ఎవరో నమ్మి నిలబెట్టినచోట చెప్పులేసుకుని నిలబడలేను" అన్నారు. ఆ జవాబు నాకు సరిపోయింది.

ఒక ఏడు విత్తనం వేశాక వాన మొహం చాటేసింది. ఆ ఏటి తిండికి మాకు ఆ చోడిచేనే ఆధారం. మోకాలెత్తు రాకముందే మొక్కలు పసుపు తిరిగాయి. మా అత్త రోజూ వెళ్ళి గట్టు మీద కూర్చుని ఎండిన ఆకులు తుంచుతూ ఉండేది. అలాంటప్పుడు మేడం వచ్చారు. ఎదుటి కొండవాలు మీద తిరుగుతూ ఉన్నట్టుండి ఆగిపోయి నన్ను పిలిచారు.

"మీ చేను చూడు. ఏం కనిపిస్తోంది?"

"ఎండిపోతోంది మేడం."

"ఇంకా చూడు."

అప్పుడు కనపడింది. పసుపెక్కి వాడిపోతున్న చేలో, పైమూల నుంచి కొద్దిగా వంపు తిరిగి కిందికి, సన్నటి పట్టీలా మొక్కలు ఆకుపచ్చగా నిలబడి ఉన్నాయి. అక్కడ నేల కింద పాతకాలపు కాలువ పూడిపోయి ఉంటుందనీ, ఆ ఒండ్రులో చెమ్మ ఎక్కువసేపు నిలుస్తుందనీ ఆమె చెప్పారు. ఆ కాలం వాళ్ళు కట్టుకున్న రాతిగట్లు ఆమెకు అప్పటికే దొరికాయి. వాటికి నీళ్ళు ఎలా తెచ్చారన్నదే దొరకలేదు. అన్నేళ్ళు వెతికింది కళ్ళముందుంటే ఆమె మొహంలో సంతోషం లేదు.

"మీ చేను ఎండితేగాని నాకిది కనపడలేదు. సంతోషించడానికి సిగ్గుగా ఉంది" అన్నారు.

మర్నాడు ఆ గీత పట్టుకుని ఇద్దరం పైకెక్కాం. కొండ మీది ఊటనీరు పక్క గెడ్డవాగులోకి జారిపోయే చోట, తుప్పల కింద ఒక రాయి తగిలింది. దాని పైభాగాన నీళ్ళు పోవడానికి చెక్కినట్టు ఒక గాడి ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మెత్తటి బ్రష్షుతో దాని చుట్టూ మట్టి దులుపుతూ మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. కట్టెలకు వెళ్ళేవాళ్ళు ఆగి చూసి వెళ్ళారు.

తెల్లారి వెళ్ళేసరికి ఆ రాయికి పసుపు, కుంకుమ, ముందు కొట్టిన కొబ్బరికాయ. మా ఊళ్ళో పూజలకు మంచిరోజు చూసే పెద్దాయన, మేము దిశారి అంటాం, పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మేడం కంగారు పడ్డారు.

"తాతా, ఇది దేవత కాదు. నీళ్ళు మళ్ళించడానికి పెట్టిన రాయి."

"నిన్న పొద్దల్లా మోకాళ్ళ మీదుండి సేవ సేసినావు గదా. అందరం సూసినాం."

"సేవ కాదు, మట్టి దులిపాను."

"మేమూ పండగకి అదే సేత్తాం." ఆయన రాయి వైపు చూశాడు. "సరే, నీళ్ళిచ్చే రాయంటన్నావు. నీళ్ళిచ్చేదాన్ని మీ ఊళ్ళో ఏటంటారు?"

మేడం పకపకా నవ్వేశారు. దిశారి కూడా నవ్వాడు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మా ఆయనా ఇంకొందరు మగవాళ్ళూ గునపాలు, పారలు పట్టుకుని పైకి వచ్చారు. పూడిక తీస్తే ఊటనీరు చేలోకి మళ్ళుతుందని వాళ్ళ ఆశ. మేడం నన్ను పక్కకు తీసుకెళ్ళారు. ఆ కాలువలో మట్టి పొర మీద పొరగా దిగింది. ఆ పొరల్లోని బొగ్గు, పెంకులు చూసే కాలం తేల్చాలి. పద్ధతిగా తవ్వాలంటే పైనుంచి అనుమతి రావాలి, వానాకాలం దాటాలి. "ఒక్కసారిగా తవ్వేస్తే అంతా కలిసిపోతుంది తల్లీ. ఇక ఎవరూ విడదీయలేరు" అన్నారు.

మా ఆయన దూరంనుంచే అన్నాడు. "మేడమ్మా, పర్మిసను వొచ్చేసరికి సేలో గింజుండదు. నువ్వొద్దంటే ఆగుతాం. నువ్వు సూపించబట్టే గదా మాకు తెలిసింది."

ఎవరి తరఫున మొక్కుకోవాలో తెలియక నేను తల దించుకున్నాను. మేడం కిందికి చూశారు. చేను గట్టు మీద మా అత్త చిన్నగా కనిపిస్తోంది.

"ముందు ఒక్కచోట నిలువుగా, గోడలా తవ్వండి. నన్ను చూసుకోనివ్వండి. తరవాత మీరు బేగి కానివ్వండి" అన్నారు. త్వరగా అనడానికి మేం వాడే మాట ఆమె నోట రావడం విని మగవాళ్ళు నవ్వబోయి ఊరుకున్నారు. మేడం ఆ గోతిలోకి దిగి కొలతలు, ఫొటోలు తీసుకున్నారు, కాస్త మట్టి పొట్లం కట్టుకున్నారు. పైకి వచ్చి చేతులు తుడుచుకుని, "తవ్వండి" అన్నారు. గునపాలు పడుతుంటే అటు తిరిగి కూర్చున్నారు. ఆమె పని జరిగేచోట వీపు తిప్పి కూర్చోవడం నేను ఆ ఒక్కసారే చూశాను.

కాలువంతా తిరగదోడారు గాని, పసుపు పెట్టిన రాయిని మాత్రం ఎవరూ కదపలేదు. నీళ్ళు సన్నగా వచ్చాయి. అప్పటికే బాగా ఎండిన పై మడులు పోయాయి, కింది సగం వెన్ను తీసింది. మొదటి వెన్నులు మా అత్త ఆ రాయికే పెట్టింది. రెండో గుప్పెడు మేడం చేతిలో పోసి, "ఇదే నీ వాటా" అంది.

తరవాత ఆమె ఆ కాలువ గురించి పండితుల సభల్లో చెప్పారు. ఎప్పటిదని అడిగితే సుమారుగా అనడం తప్ప గట్టిగా చెప్పలేకపోయారట. ఆ పొట్లంలో మట్టి చాలలేదు. మొన్నమొన్నటి తాతల కాలువేమో అన్నవాళ్ళూ ఉన్నారట. మా చేను కోసం ఇలా అయిందే అని నేను బాధపడితే, "అప్పటివాళ్ళు తవ్వింది నీళ్ళ కోసమే, మీరు తవ్విందీ నీళ్ళ కోసమే. వాళ్ళేం కోప్పడరులే" అన్నారు. "అయినా ఆ రాయి కింద మట్టి ఎవరూ ముట్టుకోలేదుగా. మీ పసుపే కాపాడింది. నాక్కావలసింది అక్కడ భద్రంగా ఉంది."

చివరిసారి కర్ర పట్టుకుని వచ్చారు. దిశారి తనంతట తనే అన్నాడు. "నీ రాయే గదమ్మా. ఎత్తి సూసుకో. అమ్మకి నాను సెప్పుకుంటాను."

ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళు అడగకుండా కాచుకున్నారో నాకు తెలుసు. మేడం చెప్పులు విప్పి రాయి ముందు చాలాసేపు నిలబడ్డారు. గాడిలోంచి నీళ్ళు పోతున్నాయి. వంగి వేళ్ళు తడుపుకుని, కింద చేను వైపు చూశారు.

"ఇప్పుడు ఎత్తితే నీళ్ళు ఆగిపోతాయి తాతా. చేను పొట్ట మీదుంది, వెన్ను తీసే వేళ. వచ్చే వేసవిలో చూద్దాం."

వేసవిలో ఆమె రాలేకపోయారు. ఎవరైనా ఆమె పేరు చెప్పుకుని వస్తే, రాయి ఎత్తి చూసుకోమన్న మాట వాళ్ళకూ చెల్లుతుందని దిశారి అంటున్నాడు.

ఆ చివరిసారి వచ్చి వెళ్ళినప్పుడే తన బ్రష్షు నా దగ్గర వదిలేశారు. కబురు తెలిసిన మర్నాడు అది తీసుకుని వెళ్ళాను. చేను గట్టు దగ్గర ఆగి, "లోపలికి రావచ్చా?" అన్నాను. పైకెక్కి రాయి మీది మట్టి, రాలిన ఆకులు ఆమె చేసినట్టే మెల్లగా దులిపాను. తరవాత పసుపు రాశాను. ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. పైనుంచి చూస్తే చేనంతా ఒకటే పచ్చ. ఎంతసేపు చూసినా ఆ గీత కనపడలేదు. గాడిలోంచి నీళ్ళు మాత్రం కాస్త పసుపు కలుపుకుని, ఆ గీత దారినే చేలోకి జారుతున్నాయి.