కప్పు కింద కిర్రు చెప్పులు

మా చిన్నప్పుడు... దొర మా బజారును దొంగిలించాడు. మూటగట్టుకుని పోలేదు, పైన కప్పు వేశాడు, అంతే. తానుండే గడీ నుంచి తూర్పు కమాను దాకా తనకు ఎండ తగలకూడదని, రెండు వరుసల దుకాణాల నడుమ వీధినంతా కప్పించాడు. ఆపైన "కప్పు నాదైతే కిందిదంతా నా ఇల్లే" అన్నాడు. దొర ఇంట్లోకి చెప్పులతో ఎవరు పోతారు?

ఆ కప్పు వేసింది మావాళ్లే... మొగుళ్లపల్లి అవతలి అడవి నుంచి వెట్టి బండ్లు టేకు దూలాలు మోసుకొచ్చాయి. గానుగలో నూరిన సున్నాన్ని తట్టల్లో ఎత్తింది మా అమ్మలు. రాతి స్తంభాలు నిలబెట్టింది వడ్డెరలు. కూలి అడిగితే వీపు మిగలదు.

అయినా ఎంత అందంగా ఉండేదో... అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎర్రటి పెంకుల మధ్య అక్కడక్కడా గాజు పెంకులు పొదిగారు. మధ్యాహ్నం వాటిలోంచి ఎండ పలకలు పలకలుగా దిగేది... బెల్లం దుకాణం ముందు ఒకటి, గాజుల దుకాణం ముందు ఒకటి. దుమ్ము బంగారు నూకలా తేలేది. ఒక ఎండ పలక మీద నిలబడి, అది జరిగిన కొద్దీ నేనూ జరిగేదాన్ని...

మా నాయినది తోలు పని. చివరి స్తంభం పక్కన గోనెపట్ట పరుచుకుని కిర్రు చెప్పులు కుట్టేవాడు... అడుగు వేస్తే కిర్రుమని పలికేవి. కానీ చెప్పులు అమ్మే చోట చెప్పులు తొడగరాదు. కొన్నవాళ్లు సంకలో పెట్టుకుని కమాను దాటి, బయట తొడిగి చూసి, బిగుతైతే మళ్లీ వట్టికాళ్లతో వెనక్కి రావాలి.

"ఎట్లున్నయ్ కొమురన్నా?" అని నాయిన అడిగేవాడు.

కల్లు గీతకు తాళ్లెక్కే కొమురన్న సంక తడుముకునేవాడు. "సంకకైతే మంచిగ కుదిరినయ్. కాలు సంగతి బయటికి పోయినంక జెప్త."

బజారంతా నవ్వేది... మెల్లగా.

నాకూ ఒక జత కుట్టాడు. ఒకనాడు కమాను బయట ఆడుకుంటుంటే జడివాన వచ్చింది. చెప్పులతోనే లోపలికి ఉరికాను. కిర్రు... కిర్రు... ఆ చప్పుడును కప్పు అందుకుని రెండింతలు చేసింది. తూచేవాళ్ల తరాజులు ఆగిపోయాయి.

దొర గుమాస్తా లేచి వచ్చాడు. "ఎవని పోరిరా గిది?"

"నా బిడ్డనే, దొరా" అన్నాడు నాయిన.

"చెప్పులు కుట్టిందెవడు?"

"నేనే."

"అయితే నీ నెత్తినే పెట్టుకో."

నా చిన్న చెప్పులు నెత్తిన పెట్టుకుని, వాన వెలిసేదాకా నాయిన బజారు నడుమ నిలబడ్డాడు. తెలిసిన ముఖాలన్నీ నేల చూశాయి. ఇంటికి పోయే దారిలో నేను ఏడుస్తుంటే అన్నాడు: "కిర్రు ఎంత మంచిగ పలికిందే బిడ్డా... గా కప్పు కింద గట్ల పలుకుతదని నాకే ఎరుకలేకుండె."

తర్వాత కరపత్రాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. 'వెట్టి' అన్న మాటను మొదటిసారి అచ్చులో చూసినప్పుడు, నాకు కనబడింది నాయిన నెత్తే. వెట్టి చెయ్యొద్దన్న సంఘం మా ఊళ్లోకీ వచ్చింది. దొర, వెంట గుమాస్తా, పట్నం పారిపోయారు. మరునాడు నాయిన తాను కుట్టిన చెప్పులు తానే తొడుక్కుని బజారు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు... ఎండ పలకల మీంచి, నీడల మీంచి, నిద్రలో నడుస్తున్నట్టు.

ఇప్పుడు గుమాస్తా తిరిగొచ్చాడు. వచ్చే వారపు అంగడి నుంచి మళ్లీ చెప్పులు చేతబట్టాలని నిన్న చాటింపు వేయించాడు. నాయిన గోనెపట్ట చుట్టేశాడు.

"ఏడికి నాయినా?"

"బయట ఎండల కూసుంట బిడ్డా. నా నెత్తి ముసల్దయింది... ఇంకోపారి మొయ్యది."

మోయనివ్వను. కాలం మారిందని అందరూ అంటున్నారు... ఆ కప్పు కింద మాత్రం పాత కాలమే మళ్లీ దుకాణం తెరుస్తోంది. దూలం మనది, సున్నం మనది, నీడ ఎవరిది? మీ ఊళ్లలో ఏ నీడకు ఏ దండుగ కట్టించుకున్నారో మీరూ వచ్చి చెప్పండి. అంగడినాడు, పొద్దు నడినెత్తికొచ్చే వేళకు, తూర్పు కమాను దగ్గర కలుద్దాం. చెప్పులతోనే లోపలికి నడుద్దాం.

లేనివాళ్లు పొద్దున్నే రండి. నాయిన కుట్టి పెడతాడు.